సముద్రానికి ఇచ్చేసిన పేరు

మా ముత్తాత ఒక సంస్థానానికి దివాను. మా తాతగారు ఏడు ఊళ్ళ శిస్తు అనుభవించే మొఖాసాదారు. కచేరీలో ఆయన కూర్చుంటే తప్ప ఇంకొకరు కూర్చునేవారు కాదు. మా నాన్నగారు ఆ ఏడు ఊళ్ళ పేర్లూ వరసగా చెప్పగలిగేవారు, అంతే. ఎస్టేట్లు రద్దయ్యేనాటికే సగం పోయింది, చట్టం వచ్చి మిగతాది పట్టుకుపోయింది. నేను విశాఖపట్నం పాత ఊళ్ళో ఒక బ్యాంకు శాఖలో అకౌంటెంటుగా పనిచేశాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ సంగతులు నేను ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన అవసరం రాలేదు, అందరికీ తెలుసు. నా వెనకాల నన్ను ‘దివాన్ గారు’ అనేవారు. ఎగతాళికే అనేవారు. అయినా వినడానికి నాకు బాగానే ఉండేది.

ఇప్పుడు బ్యాంకుల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీ కాలంలో ఖాతా ఆగిపోతే ఎక్కడో ఎవరో ఆపుతారు. ఆపినవాడు ఖాతాదారు మొహం చూడడు, ఖాతాదారు ఆపినవాడి మొహం చూడడు. మా రోజుల్లో ఖాతా ఆపాలంటే లెడ్జరు తెరిచి ఎర్ర సిరాతో అడ్డంగా రాయాలి. చేతిరాతను బట్టి ఆపిందెవరో తెలిసిపోయేది. మర్నాడు ఆ ఖాతాదారు వచ్చి సరిగ్గా ఆయన ఎదురుగానే నిలబడేవాడు. తప్పించుకోవడానికి దారి ఉండేది కాదు.

మా శాఖ పూర్ణా మార్కెట్టుకీ హార్బరుకీ మధ్యన ఉండేది. ఉదయం తెల్లచొక్కా వేసుకుని వెళితే సాయంత్రానికి కాలరు మీద ఇనుప ఖనిజం ఎర్రగా పేరుకునేది. ఉక్కు కర్మాగారం అప్పటికింకా శంకుస్థాపన రాయి దాటలేదు. భూములు ఇచ్చినవాళ్ళు మాత్రం వచ్చి, పరిహారం మా దగ్గర దాచుకుని, ఆ కర్మాగారంలో ఉద్యోగాలెప్పుడిస్తారని మమ్మల్నే అడిగేవారు. అత్తరు దుకాణాల సాయిబులు, మార్కెట్టు వర్తకులు, పోర్టు గుమాస్తాలు, జాలరిపేట వాళ్ళు, అందరూ ఒకే కౌంటరు దగ్గర ఒకరి భుజం మీంచి ఒకరు చేతులు చాపేవారు. పచ్చిచేపల వాసనా అత్తరు వాసనా కలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలిసినట్టు ఎక్కువమందికి తెలియదు. ఇప్పటికీ అదెక్కడైనా తగిలితే నాకు ప్రాణం లేచి వస్తుంది.

మా మేనేజరు గోదావరి జిల్లా మనిషి. రిటైర్మెంటు దగ్గర పడుతున్నకొద్దీ ఆయన సంతకం చిన్నదవుతూ వచ్చింది. మా హెడ్ గుమాస్తా అనుమానం మనిషి కాదు, జాగ్రత్త మనిషి. సాయంత్రం సొరుగుకు తాళం వేసి, లాగి చూసుకుని, మెట్లు దిగి, వీధిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసుకునేవారు. ఈ కథకు కారణం ఆ జాగ్రత్తే.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. అంతకుముందే వేటకు వెళ్ళిన తెప్పల్లో ఒకటి తిరిగి రాలేదు. దాని మీద ఉన్నది ఇద్దరు: మా బ్యాంకులో ఖాతా ఉన్న ఒక జాలరి, అతని చిన్న బావమరిది. పేటంతా ఒడ్డున కూర్చుని ఎదురు చూసింది. తెప్ప దుంగలు రెండు భీమిలి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చాక ఎదురుచూడడం మానేశారు. ఇద్దరికీ కర్మ చేశారు. మా హెడ్ గుమాస్తా ఇల్లు ఆ పేట దాటితే వస్తుంది. సాయంత్రం ఇంటికి వెళుతూ ఆయన ఆ ఏడుపులు చూశారు, ఎవరు పోయారని అడిగారు, పేటవాళ్ళు చెప్పారు.

ఖాతాదారు చనిపోయినట్టు బ్యాంకుకు తెలిసిన క్షణం నుంచి ఖాతా ఆపాలి. కాగితం రావాలని లేదు, తెలిస్తే చాలు. ఆయనకు తెలిసింది. మర్నాడు పొద్దున్నే సొరుగు తెరిచి, లెడ్జరు తీసి, ఎర్ర సిరాతో ‘ఖాతాదారు మరణించారు, లావాదేవీలు నిలిపివేయాలి’ అని ఇంగ్లీషులో అందంగా రాసి, కింద సంతకం పెట్టారు. ఆ సంగతి పేటలో ఎవరికీ తెలియదు. వాళ్ళకు చెప్పాలని మాకూ తోచలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున ఆ జాలరి భార్యతో కలిసి కౌంటరు దగ్గరికి వచ్చాడు. గుండు, గెడ్డం లేదు, ఒంటి మీద కొత్త పంచె. పక్కనున్న మనిషి మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగా ఉంది.

“డబ్బులు తియ్యాలండి.”

“పాస్ బుక్?” అన్నారు హెడ్ గుమాస్తా తలెత్తకుండా.

“సముద్రంలోకి ఇచ్చీసినారండి. నా బట్టలు, తలగడ, సుట్టల డబ్బా, అన్నీ ఇచ్చీసినారు.”

“ఎవరు ఇచ్చారయ్యా?”

“నాను ఇచ్చినాను బాబూ,” అంది భార్య. “సచ్చిపోనోడి సామాను ఇంట్లో అట్టేపెట్టుకుంతారేటి?”

అప్పుడు హెడ్ గుమాస్తా తలెత్తి చూశారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“నువ్వు చనిపోయావు కదయ్యా!”

“అవునండి,” అన్నాడు అతను, ఏదో చిన్న తప్పు ఒప్పుకున్నట్టు. “మల్లీ వొచ్చీసినానండి.”

జరిగింది ఇది. తెప్ప విరిగిపోతే ఒక దుంగ పట్టుకుని తేలుతున్న అతన్ని కలకత్తా వెళ్ళే సరకు ఓడ ఎత్తుకుంది. ఎత్తుకోవడానికి బావమరిది అప్పటికే అక్కడ లేడు. కలకత్తాలో జ్వరంతో ఆస్పత్రిలో పడి, లేచి, రైలెక్కి వచ్చాడు. పేటవాళ్ళు అతన్ని నేరుగా ఇంట్లోకి రానివ్వలేదు. కర్మ చేసిన మనిషి పాత మనిషిగా గడప దాటకూడదు. పేటలో అమ్మవారు ఒంటి మీదికి వచ్చి పలికే దాసుడు ఒకడుండేవాడు, అతను చెప్పినట్టు చేశారు. గుండు గీయించారు. పసిబిడ్డకు పోసినట్టు నూనె రాసి నీళ్ళు పోశారు. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టినట్టు, ఇతని పాదాలు చేటలో పెట్టించారు. కొత్త పేరు పెట్టారు. ఆ పైన భార్య మెడలో మళ్ళీ పుస్తె కట్టించారు. పాత పేరు గంగమ్మకు ఇచ్చేశారు. ఇక దాన్ని ఎవరూ పిలవకూడదు, పిలిస్తే అతను పలకకూడదు.

హెడ్ గుమాస్తా పేరు అడిగితే అతను కొత్త పేరు చెప్పాడు.

“ఆ పేరుతో ఇక్కడ ఖాతా లేదు.”

“ఖాతా పాత పేరు మీద ఉన్నాదండి.”

“ఆ పేరే చెప్పు. చెప్పి, నేను బతికే ఉన్నానని ఒక అర్జీ మీద వేలిముద్ర వెయ్యి. అర్జీ మేం రాసుకుంటాం.”

అతను భార్య వైపు చూశాడు. ఆమె అంది, “ఆ పేరు మీకు తెల్సు గదా బాబూ. మీ బుక్కులోనే ఉన్నాది గదా. మల్లీ మా సేత సెప్పించడమెందుకు?”

“ఏసేత్తానే,” అన్నాడు అతను మెల్లిగా. “సిన్న ముద్దర. ఏటవుద్ది?”

“ఎయ్యి. ఏసి సూడు. మా తమ్ముణ్ణి అట్టేపెట్టుకుని, పేరొక్కటీ తీసుకుని ఈ మనిసిని ఒగ్గీసినాది గంగమ్మ. ఇచ్చిన పేరు మల్లీ లాక్కుంతే ఊరుకుంతాదేటి? మల్లా నువ్వు యేటకెల్తావు, నాను ఒడ్డున కూకుంతాను. నాకు ఓపిక నేదు.”

అతను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

కాసేపటికి ఆమెకే ఒక ఉపాయం తోచింది. “ఆ పేరోడు సచ్చిపోనాడని మీరే రాసీసుకున్నారు. బాగున్నాది. అలగే ఉంచండి. సచ్చినోడి డబ్బులు పెళ్ళానికి ఇత్తారు గదా? పెళ్ళాన్ని నానే. ఇచ్చీయండి.”

“ఇస్తాం,” అన్నారు హెడ్ గుమాస్తా. “నువ్వు ఆయన విధవవని రాసి వేలిముద్ర వెయ్యి.”

హాలంతా వినిపించేలా ఆమె కేక పెట్టింది. “ఓలమ్మో! మొగుణ్ణి పక్కన నిలబెట్టుకుని ముండమోపినని రాయమంతన్నాడు సూడండి! నీకు పెళ్ళాముందా బాబూ? రేపు ఆవిడ్ని తీసుకురా, ఆవిడ సేత రాయించు, తరవాత నాను రాత్తాను!”

అత్తరు కొట్టు సాయిబు ఒకాయన చెక్కు మార్చుకోవడానికి వచ్చి, పని అయిపోయినా వెళ్ళకుండా నిలబడిపోయాడు. మేనేజరు గదిలోంచి బయటికి వచ్చారు. ఆయనకు తెలిసినవాళ్ళే ఇద్దరూ. ఖాతా తెరిచినప్పటి స్పెసిమెన్ కార్డు మీద ఫొటో ఉంది కాని, అందులో ఉన్నతనికి మీసాలు, జుట్టు, మొహం నిండా పొగరు. ఎదురుగా ఉన్నతనికి అవేవీ లేవు. ఆ కళ్ళు మాత్రం అవే. మేనేజరుకు అది తెలుసు, నాకూ తెలుసు. అయినా ఎర్ర సిరాను కొట్టెయ్యడానికి కళ్ళు సరిపోవు.

ఆ డబ్బు ఎందుకో మీకు చెప్పాలి. మత్స్యకారుల సంఘం వాళ్ళు అప్పట్లో కొత్తగా మరబోట్లు ఇస్తున్నారు. ఐదారుగురు కలిసి వాటా కట్టుకుంటే బోటు వాళ్ళదే. ఇతను ఏళ్ళ తరబడి ఆ వాటా కోసమే కూడబెట్టాడు. నెలాఖరులోగా కట్టకపోతే బోటు ఇంకో జట్టుకు పోతుంది. తెప్ప ఎలాగూ లేదు. అప్పుడతను ఏదో ఒక సావుకారు బోటు మీద కూలికి వెళ్ళాలి, ఆ సావుకారు చెప్పిన ధరకు చేపలు అప్పగించాలి, జీవితమంతా.

ఆ మధ్యాహ్నం నాకు కోపంగా ఉండింది. దాచుకోవడమెందుకు, నా దృష్టిలో అదంతా మూఢత్వం. పేరు కోసం మా వాళ్ళు ఊళ్ళు పోగొట్టుకున్నారు. నా పేరు చివర మా ఇంటిపేరు తప్ప నాకు మిగిలిన ఆస్తి లేదు. అలాంటిది, సొంత పేరును నోటితో పలకనని ఒక మనిషి బ్యాంకు మధ్యలో నిలబడి మొండికేయడం నాకు మింగుడు పడలేదు.

మేనేజరు ప్రాంతీయ కార్యాలయానికి ఉత్తరం రాశారు. అక్కడినుంచి వచ్చిన మొదటి జవాబు ఏమిటంటే, మరణ ధ్రువపత్రం జతచేయమని. మునిసిపాలిటీలో అతని మరణం నమోదే కాలేదు. మళ్ళీ రాశారు. ఈసారి ఎవరో తెలివైనవాడి చేతిలో పడ్డట్టుంది: ఖాతాదారు అర్జీ ఇవ్వలేని స్థితిలో ఉంటే, అతన్ని బాగా ఎరిగిన పరువుగల వ్యక్తి ఎవరైనా గుర్తించి, నష్టం వస్తే తాను భరిస్తానని హామీ రాస్తే, శాఖ మేనేజరు తన బాధ్యత మీద ఎర్ర సిరాను రద్దు చేయవచ్చు. ఉద్యోగులు మాత్రం హామీ ఉండకూడదు.

పరువుగల వ్యక్తి అంటే ఆస్తి ఉన్న వ్యక్తి. పేటలో గుడిసెలన్నీ పోర్టు భూమిలోవి, ఎవరి పేరునా జానెడు నేల లేదు. మిగిలింది అతని చేపలు కొనే సావుకారు. కబురు పంపితే వచ్చాడు. గుండు మనిషిని ఎగాదిగా చూశాడు.

“పోలికైతే ఉన్నాదండి. గానీ సెప్పలేం. సముద్రం మీద పోనోడు వొచ్చినాడంతే నమ్మడమెలగ?”

“బావా, నానే!” అన్నాడు అతను. “మొన్న వొడ్డున నాతో సుట్ట కాల్సినావు గదా!”

“ఎవులితోటి కాల్సినానో ఏటో, సీకట్లో,” అని సావుకారు కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. అతనికి బోటు లేకపోతే ఆ సావుకారుకు లాభం. మా అందరికీ తెలుసు.

మా ఇల్లు శాఖకు దగ్గరే. పాత ఊళ్ళో దివాను మేడ అంటే రిక్షావాడికి ఇంకేమీ చెప్పక్కరలేదు. రోజూ భోజనానికి ఇంటికి వెళ్ళేవాణ్ణి. మర్నాడు మా అమ్మగారు వడ్డిస్తూ అన్నారు, “ఏం బాబూ, మన వంజరం తెచ్చే పిల్ల డబ్బులు మీ బ్యాంకులో ఆపేశారట?”

అప్పుడు తెలిసింది. ఆ జాలరి భార్య ఎన్నో ఏళ్ళుగా మా పెరటి గుమ్మంలో చేపలబుట్ట దించే మనిషే. నాన్నగారు పోయాక అమ్మగారు చేప ముట్టుకోరు కాని, బేరం మాత్రం ఆవిడే ఆడేవారు.

“నేను ఆపలేదమ్మా. రూలు ఆపింది.”

“రూలుకి చేతులుంటాయా? రాసిందెవరో ఉంటారు కదా?”

హామీ సంగతి చెప్పాను. సావుకారు మాట కూడా చెప్పాను. ఆవిడ చారు గిన్నె కింద పెట్టారు.

“నేను రాకూడదా?”

“నువ్వా? ఎక్కడికి?”

“మీ బ్యాంకుకి. అతను నాకు తెలుసు. తుపాను రోజుల్లో ఆ పిల్ల జ్వరంతో పడుకుంటే బుట్ట తనే మోసుకొచ్చేవాడు. హామీ కావాలన్నావు, ఈ మేడ ఉంది కదా.”

“మన ఇంటి ఆడవాళ్ళు ఎప్పుడూ ఆఫీసు మెట్లు ఎక్కలేదమ్మా.”

“మన ఇంటి మగవాళ్ళు జీతానికి ఎక్కారా? నువ్వెక్కావు.”

పెరుగు వేసుకుని తిని వెళ్ళిపోయాను.

నెలాఖరు దగ్గర పడింది. ఆ రోజు శనివారం, ఒంటిపూట. రిక్షా మా శాఖ ముందు ఆగింది. మా అమ్మగారు తెల్లటి నేతచీర కట్టుకుని, ఎప్పుడో పెళ్ళిళ్ళకు మాత్రమే తీసే శాలువా కప్పుకుని దిగారు. కౌంటరు అవతల ఉన్నవాళ్ళంతా పక్కకు తప్పుకున్నారు. ఇవతల మావాళ్ళు లేచి నిలబడ్డారు. నన్ను ఏడిపించే కుర్ర గుమాస్తా కూడా లేచాడు. ఆవిడ ఎవరినీ చూడకుండా నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి, నడుము కుర్చీకి ఆనించకుండా కూర్చున్నారు. జాలరీ అతని భార్యా గుమ్మంలో నిలబడ్డారు. హెడ్ గుమాస్తా లెడ్జరు పట్టుకుని వచ్చారు. తలుపు తెరిచే ఉంది. హాలులో వాళ్ళు తలుపు దగ్గరికి జరిగారు.

“ఈయన మీకు తెలుసా అమ్మగారూ?” అన్నారు మేనేజరు.

“తెలుసు.”

“ఈ ఖాతాలో ఉన్నాయనా ఈయనా ఒకరేనా?”

“ఒకరే.”

మేనేజరు ఇబ్బందిగా కదిలారు. “మీరు పెద్దింటివారు. ఇది చిన్న విషయం కాదండి. రేపు ఎవరైనా వచ్చి అసలు మనిషిని నేనంటే మీ మీదికి వస్తుంది. అయినా, పోయాడనుకున్న మనిషి తిరిగి రావడం, పేరు మార్చుకోవడం... ఇలాంటివాటిలో మీవంటివారు తలదూర్చడం...”

“మా ఇంట్లోనూ ఒకాయన తిరిగొచ్చాడు,” అన్నారు మా అమ్మగారు.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

“మా మామగారి తమ్ముడు. అన్నతో పడక కుర్రతనంలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి జాడ లేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ చేసేశారు. నేను కాపురానికి వచ్చిన ఏడు ఆయన తిరిగొచ్చాడు. వీధి గుమ్మంలో నిలబడ్డాడు. మా అత్తగారు చూసి లోపలికెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చారు. నౌకర్లు కాళ్ళ మీద పడ్డారు. మా మామగారు ఒక్కరే ‘ఎవరు మీరు?’ అని అడిగారు.”

హెడ్ గుమాస్తా లెడ్జరు బల్ల మీద పెట్టేశారు.

“పురోహితుడు చెప్పాడు, పుట్టిన బిడ్డకు చేసినట్టు అన్నీ మళ్ళీ చేసి, పేరు పెట్టి లోపలికి తీసుకోవచ్చు, శాస్త్రంలో ఉందని. మామగారు వద్దన్నారు. పేరు పెట్టి లోపలికి తీసుకుంటే ఊళ్ళు కూడా పంచాలి కదా. గుర్రపుసావిడి పక్కన ఒక గది ఇచ్చారు. చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అన్నం నేనే ఆకులో పెట్టి పంపించేదాన్ని. ఆయన పోయినప్పుడు మళ్ళీ కర్మ చెయ్యలేదు, ఒకసారి చేశాం కదా అన్నారు.” ఆవిడ గుమ్మంలో ఉన్న దంపతుల్ని చూపించారు. “వీళ్ళు పేరు వదులుకుని మనిషిని తెచ్చుకున్నారు బాబూ. మా ఇంట్లో ఆ పని ఎవరికీ చేతకాలేదు. సంతకం ఎక్కడ పెట్టాలి?”

సావిడి పక్క గదిలో ఉండే ముసలాయన నాకు బాగా గుర్తు. బొటనవేలంత లావు రంగూన్ చుట్టలు కాల్చేవాడు. కాగితంతో పడవలు కాదు, పొగగొట్టం ఉన్న స్టీమర్లు చేసి ఇచ్చేవాడు. నౌకర్లు ఆయన్ని ‘వచ్చినాయన’ అనేవారు. చిన్నప్పుడు నేను అదే ఆయన పేరనుకున్నాను. పెద్దయ్యాక ఎప్పుడో ఆశ్రయం కోసం వచ్చిన దూరపు మనిషని అనుకుని ఊరుకున్నాను. నలభయ్యో పడిలో, నేను పనిచేసే బ్యాంకులో, మేనేజరు బల్ల పక్కన నిలబడి ఆయన మా చినతాతగారని విన్నాను. తలెత్తుకుని నిలబడడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఆ పూట మాత్రం చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేనేజరు హామీ కాగితం ఆవిడ ముందు పెట్టారు. మేడ దస్తావేజులు చూపించమని అడగలేదు. దివాను మేడకు దస్తావేజులు అడగడమేమిటని ఆయన మర్యాద. నాకూ చెప్పాలని తోచలేదు. ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఇంటిపేరుతో సహా సంతకం పెట్టారు.

డబ్బు తీసుకునే ఫారం హెడ్ గుమాస్తా నింపారు. అందులో పాత పేరు రాయక తప్పదు. రాశారు. జాలరి బొటనవేలికి సిరా అంటించుకుని ఆగిపోయాడు. అప్పుడు భార్య ముందుకు వచ్చి, ఫారం మీద పేరున్న చోట తన అరచెయ్యి బోర్లించింది.

“ఇప్పుడెయ్యి.”

“చెయ్యి తియ్యమ్మా, పేరు కనబడాలి,” అన్నారు హెడ్ గుమాస్తా.

“ఉండనివ్వండి,” అన్నారు మేనేజరు. “పేరు మీకు తెలుసు కదా.”

అతను ఆమె చెయ్యి పక్కన వేలు నొక్కాడు. ఆమె వెంటనే ఆ వేలు పట్టుకుని, చీర చెంగుతో గట్టిగా తుడిచేసింది. సిరా పోలేదు. మా అమ్మగారు అన్నారు, “కొబ్బరినూనె రాయవే, పోతుంది.” పెరటి గుమ్మంలో చేపల బేరమాడేటప్పటి గొంతే అది.

ఇక ఎర్ర సిరా మిగిలింది. హెడ్ గుమాస్తా కలం పట్టుకుని, “ఏమని రాయమంటారు సార్?” అన్నారు.

“ఖాతాదారు జీవించి ఉన్నారని రాయండి.”

“ఎప్పటినుంచి అని రాయాలి సార్?”

“మధ్యలో చనిపోలేదని రాయండి,” అన్నారు మేనేజరు.

అలాగే రాశారు. అదే రోజు పాత ఖాతా మూసేసి, కొత్త పేరుతో కొత్త ఖాతా తెరిచాం. పరిచయం చేసిన వ్యక్తి సంతకం మా అమ్మగారిది. పాత పేరు ఏమిటో నాకు ఇప్పటికీ తెలుసు. ఇక్కడ రాయను. అతను బోటు వాటా కట్టాడు. సాయంత్రం జాలరిపేటలో డప్పులు వినిపించాయని హెడ్ గుమాస్తా సోమవారం వచ్చి చెప్పారు. ఈసారి ఎందుకని మాత్రం ఆగి అడగలేదట.

మా శాఖలో ఆ తర్వాత నన్ను దివాన్ గారు అనడం తగ్గింది. ఎవరూ చెప్పి మానలేదు. నాకు మొదట్లో కొంచెం వెలితిగానే ఉండేది.

కానీ హాలులో విన్న మాట హాలులో ఉండదు. పదిరోజులు గడవకుండా మా పెదనాన్నగారు వచ్చారు. జాలరివాడికి హామీ ఉన్నందుకు కాదు ఆయన కోపం. ఇంటి గుట్టు కౌంటరు ముందు విప్పినందుకు. “మీ మామగారి పరువు బజారున పెట్టావమ్మా,” అన్నారు. “పరువు సావిడి పక్క గదిలోనే పోయింది బావగారూ,” అన్నారు మా అమ్మగారు, కాఫీ గ్లాసు ఆయన ముందు పెడుతూ. ఆయన కాఫీ తాగలేదు. మేడ ఇంకా తాతగారి పేరునే ఉంది, పంపకాలు కాలేదు. పంచమని నోటీసు ఇచ్చారు. వద్దని వాదించే హక్కు మాకు లేదు, మా అమ్మగారు వాదించనూ లేదు. కోర్టు దాకా వెళ్ళకుండా, మేడ అమ్మి పంచుకునేట్టు ఒప్పందమైంది, మేం అద్దె ఇంటికి మారాం. అక్కడ కూడా ఆవిడ నడుము ఆనించకుండానే కూర్చునేవారు. వారానికోసారి వంజరం తెచ్చే మనిషి మా కొత్త ఇల్లు ఎవరినీ అడగకుండానే కనుక్కుంది. బుట్ట దించి, బేరం మొదలుపెట్టి, మధ్యలో తన మొగుడి సంగతులు చెప్పేది, కొత్త పేరుతో. మా అమ్మగారు కూడా అతన్ని ఆ పేరుతోనే అడిగేవారు.

నేను అదే శాఖలో ఎనభైల దాకా ఉండి, ప్రమోషను మీద గాజువాక వెళ్ళాను. ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు లేచే రోజులు. అక్కడ ఖాతాదారులంతా జీతగాళ్ళు, శుభ్రమైన పాస్ బుక్కులు, పొందికైన సంతకాలు. మంచి శాఖే. కాని బల్ల అవతలినుంచి నన్ను కేకలేసినవాళ్ళు ఒక్కరూ లేరు.

దివాను మేడ స్థలాన్ని కోల్డ్ స్టోరేజి కట్టుకునే వర్తకుడికి అమ్మాం. టేకు దూలాలూ స్తంభాలూ విడిగా అమ్మాం. వాటిని ఫిషింగ్ హార్బరులో బోట్లు కట్టేవాళ్ళు కొనుక్కున్నారు.